మళ్ళీ మళ్ళీ మూసుకుపోయే కార్బొరేటర్: ఆ చెత్త ఎక్కడిది?

పాత స్ప్లెండర్, ఆర్‌ఎక్స్100, బుల్లెట్ నడిపేవాళ్ళ ఫిర్యాదు దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. పొద్దున చోక్ వేస్తే తప్ప బండి స్టార్టవదు. చోక్ తీయగానే ఆగిపోతుంది. రోడ్డెక్కాక బాగానే పరుగెడుతుంది గానీ, సిగ్నల్ దగ్గర రేసు వదలగానే మళ్ళీ ఆగుతుంది. మెకానిక్ కార్బొరేటర్ విప్పి, పెట్రోలుతో కడిగి, జెట్లకు గాలి కొట్టి బిగిస్తాడు. ఆ పూట నుంచి బండి హాయిగా నడుస్తుంది. నెల తిరక్కుండా కథ మళ్ళీ మొదటికొస్తుంది.

దీనికి కారణం ఏమిటంటే ఎవరి మాట వాళ్ళది. పెట్రోలు కల్తీ అని ఒకరు, ఎథనాల్ కలపడం వల్లే అని ఇంకొకరు. కార్బొరేటర్ అయిపోయింది, కొత్తది వేయించెయ్యండి అని స్పేరుపార్టుల షాపువాళ్ళు. ట్యాంకులో తుప్పు అని పాతకాలపు మేస్త్రీలు. ఈ మాటల్లో ఏదీ పూర్తిగా తప్పు కాదు, అన్ని బళ్ళకూ ఏదీ వర్తించదు. మన బండికి ఏది వర్తిస్తుందో చెప్పే సాక్ష్యం మాత్రం కార్బొరేటర్ అడుగు గిన్నెలోనే ఉంటుంది. ఎక్కువసార్లు దాన్ని ఎవరూ చూడకముందే కంప్రెసర్ గాలి ఎగరగొట్టేస్తుంది. జెట్టు తెరవడంతో పని అయిపోయిందనుకోవడమే ఈ రోగం తిరగబెట్టడానికి అసలు కారణమని నా గట్టి అభిప్రాయం.

ఆ సాక్ష్యం చూసే ముందు కార్బొరేటర్ పనిచేసే తీరు, దాని కొలతల సంగతి చూద్దాం. ట్యాంకులోంచి పెట్రోలు తన బరువుతోనే పైపు గుండా దిగి ఫ్లోట్ చాంబరు, అంటే ఆ అడుగు గిన్నె, చేరుతుంది. ఫ్లోట్ పైకి లేచినప్పుడు దాని సూది దారి మూసి మట్టాన్ని నిలుపుతుంది. ఇంజను పీల్చే గాలి కార్బొరేటర్ గొంతులో ఇరుకైన చోట వేగం పుంజుకుంటుంది, అక్కడ ఒత్తిడి తగ్గుతుంది, ఆ తగ్గుదల జెట్ల గుండా పెట్రోలును పైకి లాగుతుంది. ఐడిలింగ్‌లోనూ, రేసు కొంచెం తిప్పినప్పుడూ పనిచేసేది స్లో జెట్టు. పూర్తి రేసులో మెయిన్ జెట్టు. మధ్యలో, రేసుతో పాటు పైకీ కిందకీ కదిలే స్లైడుకు వేలాడే సూది. కీహిన్ కంపెనీ జెట్టు మీద 35 అని ఉంటే దాని రంధ్రం 0.35 మిల్లీమీటర్లు. మికుని జెట్ల అంకెల లెక్క వేరు, చాలావాటిలో అది పారే పెట్రోలు పరిమాణాన్ని బట్టి ఉంటుంది. అందుకే అంకె ఒకటే కదా అని ఒక కంపెనీ జెట్టును ఇంకో కంపెనీ కార్బొరేటర్‌లో వేయకూడదు. 0.35 అంటే సుమారు అయిదు తలవెంట్రుకల మందం. ఈ రంధ్రం గోడకు జిగురు పట్టి వ్యాసం 0.30కి తగ్గితే చాలు, దారి వైశాల్యంలో నాలుగో వంతుకు పైగా పోయినట్టే. జెట్టును వెలుతురుకు పట్టి చూస్తే రంధ్రం కనిపిస్తూనే ఉంటుంది, బండి మాత్రం ఐడిలింగ్‌లో నిలవదు. చాలామంది మోసపోయేది ఇక్కడే.

స్లో జెట్టు అన్నిటికంటే ఇరుకు కాబట్టి మొదట మూసుకునేది అదే. మెయిన్ జెట్టులో అడ్డు పడితే బండి నెమ్మదిగా పోతున్నంతసేపూ తెలియదు, ఎత్తు ఎక్కేటప్పుడో ఓవర్‌టేక్ చేసేటప్పుడో ఊపిరాడనట్టు ఆగి ఆగి లాగుతుంది. ఫ్లోట్ సూది కింద రవ్వ ఇరుక్కుంటే ఇంకో రకం, ఓవర్‌ఫ్లో పైపులోంచి పెట్రోలు కారిపోతుంది. వీటిలో మెయిన్ జెట్టు సంగతి అసలు అశ్రద్ధ చేయకూడదు. టూస్ట్రోక్ బళ్ళలో, ముఖ్యంగా ఆర్‌ఎక్స్100 లాంటి చురుకైన ఇంజన్లలో, మెయిన్ జెట్టు సగం మూసుకున్న బండిని హైవే మీద పూర్తి రేసులో నడిపితే మిశ్రమంలో పెట్రోలు తగ్గి, వేడి పెరిగి పిస్టన్ పట్టేస్తుంది. జెట్టు కడగడానికి అయ్యే ఖర్చెక్కడ, బోరు చేయించే ఖర్చెక్కడ!

ఇక సాక్ష్యం. కార్బొరేటర్ విప్పించే ముందే అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, లోపలి పెట్రోలును పారదర్శకమైన గాజు సీసాలోకి పట్టండి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు, ఆరుబయట, దగ్గర్లో నిప్పు లేకుండా. డ్రెయిన్ స్క్రూ లేకపోతే గిన్నెను నిటారుగా, ఒలకకుండా దించమనండి. సీసాను ఒక రాత్రి కదపకుండా ఉంచితే అడుగున ఏం చేరిందో తెలుస్తుంది. మెత్తని గోధుమరంగు పొడి అయితే ట్యాంకు తుప్పు. అయస్కాంతానికి కదిలితే సందేహమే లేదు, కదలకపోయినంత మాత్రాన తుప్పు కాదనలేం. గిన్నె గోడలకు తేనెరంగులోనో ఆకుపచ్చగానో అంటుకుని గోరుతో గీకితే గానీ రాని పూత పాత పెట్రోలు జిగురు. తెల్లని బూజులాంటి పొడి, గిన్నె లోహమే తినేసినట్టు గుంతలు ఉంటే నీరు చేరినట్టు. నల్లటి మెత్తని తునకలు పైపు రబ్బరువో, చివికిపోయిన ఎయిర్ ఫిల్టరు స్పాంజివో. ఇసుక రేణువులైతే ఫిల్టరు దగ్గరో, పెట్రోలు పోసిన డబ్బాలోనో వెతకాలి. అడుగున వేరుగా ఒక పొర కట్టి తేలకుండా ఉంటే అది నీళ్ళే, లేదా ఎథనాల్‌ను కలుపుకున్న నీళ్ళు.

వీటన్నిటిలో తుప్పుకే నేను ఎక్కువ చోటిస్తాను, ఎందుకంటే పదిహేను, ఇరవై ఏళ్ళ బళ్ళలో నాకు తరచుగా కనిపించింది అదే. ట్యాంకు ఉక్కు రేకుతో చేసింది. సగం ఖాళీగా ఉంటే పైభాగంలో గాలి, ఆ గాలిలో తేమ. పగలు వేడెక్కి రాత్రి చల్లబడినప్పుడల్లా రేకు లోపలి గోడ మీద చెమ్మ పట్టి కిందకు జారుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి ఉప్పుగాలి ఊళ్ళలో ఇది ఇంకా వేగంగా జరుగుతుంది. ట్యాపు లోపలి గొట్టం ట్యాంకు అడుగు కంటే కొంచెం ఎత్తులో ఉంటుంది కాబట్టి ఆ కింద నిలిచిన నీరు ఎప్పటికీ బయటకు పోదు. తుప్పు మొదలయ్యేది అక్కడే. రిజర్వులో పడితే చెత్తంతా కార్బొరేటర్‌లోకి వస్తుందని మనవాళ్ళు భయపడతారు. భయంలో నిజం ఉంది గానీ, దానికి మందు రిజర్వు ముట్టుకోకపోవడం కాదు. నెలల తరబడి రిజర్వు వాడకుండా ఉంచితే ఆ మట్టంలో మురికి పేరుకుని, ఒక రోజు అవసరపడి ట్యాపు తిప్పగానే ఒక్కసారిగా దిగుతుంది. అప్పుడప్పుడూ రిజర్వులో కొన్ని కిలోమీటర్లు నడపడం మేలు. ట్యాపు మీద ఉండే సన్నని జాలీ చాలా పాత బళ్ళలో చిరిగిపోయి ఉంటుంది, లేదా అసలు ఉండదు. ఉన్నా, పొడి తుప్పు ఆ కళ్ళలోంచి జారిపోతుంది.

తుప్పుకు వైద్యం ట్యాంకు దించి చేసేదే. పెట్రోలు పూర్తిగా ఒంపి, ట్యాపు ఊడదీసి, రంధ్రం మూసి, గోరువెచ్చని నీటిలో నిమ్మఉప్పు కలిపి నిండా పోసి ఒక రాత్రి ఉంచడం అందరికీ అందుబాటులో ఉన్న పద్ధతి. తర్వాత బాగా కడిగి, వంటసోడా నీళ్ళతో ఒకసారి తిప్పి, మళ్ళీ కడిగి, వెంటనే ఆరబెట్టాలి. ఆలస్యమైతే శుభ్రమైన ఉక్కు మీద గంటలోపే కొత్త తుప్పు మొదలవుతుంది. ఆరిన వెంటనే కాస్త టూటీ ఆయిల్ పోసి లోపలంతా తిప్పి, పెట్రోలు నిండా పోయడం మంచిది. బాత్‌రూములు కడిగే యాసిడ్ పోయించేవాళ్ళు ఉన్నారు. అది తుప్పుతో పాటు మంచి రేకునూ తింటుంది, వద్దని గట్టిగా చెబుతాను. ఆరబెట్టడానికి మంట దగ్గరకు తీసుకెళ్ళడం ప్రాణాపాయం, ఖాళీ ట్యాంకులో ఆవిరి నిండు ట్యాంకులోని పెట్రోలు కంటే ప్రమాదం. లోపల పూత వేయించడం గురించి రెండు అభిప్రాయాలున్నాయి. రేకు పూర్తిగా శుభ్రపడకుండా వేసిన పూత కొన్నాళ్ళకు పొరలుగా ఊడి ట్యాపును మూసేస్తుంది, దాన్ని తీయడం తుప్పు తీయడం కంటే కష్టం. రేకుకు సూదిబెజ్జాలు పడితే తప్ప పూత జోలికి పోవద్దన్న వైపే నేను మొగ్గుతాను.

జిగురు సంగతి వేరు. అది బండి తిరిగితే రాదు, నిలబెడితే వస్తుంది. ఫ్లోట్ చాంబరులో ఉండే కొద్దిపాటి పెట్రోలుకు గాలి తగిలే దారి ఉంటుంది. తేలికైన భాగం ఆవిరైపోతుంది, మిగిలింది గాలిలోని ఆక్సిజన్‌తో చిక్కబడి గోడలకు పడుతుంది. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక నెలల తరబడి ఇంటి ముందు నిలిచిన బళ్ళకు తర్వాత వచ్చింది ఈ జబ్బే. పెట్రోలులోనే ఆయిల్ కలిపి నడిపే ఎజ్డీ, రాజ్‌దూత్ లాంటి బళ్ళలో పెట్రోలు ఆవిరయ్యాక ఆయిల్ గిన్నెలోనే మిగులుతుంది కాబట్టి ఇంకా త్వరగా మూసుకుంటాయి.

ఇప్పుడు అందరూ వాదించుకునే ఎథనాల్ దగ్గరకు వద్దాం. ఇది కొత్తగా వచ్చింది కాదు. 2003 జనవరిలో 9 రాష్ట్రాల్లో 5 శాతం ఎథనాల్ కలపడం మొదలుపెట్టినప్పుడు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. 2022 జూన్‌కు దేశ సగటు 10 శాతానికి చేరింది. 2023 ఫిబ్రవరిలో 20 శాతం ఎథనాల్ కలిసిన ఈ20 పెట్రోలు అమ్మకం మొదలై, 2025 నాటికి అదే మామూలు పెట్రోలైంది. మరోవైపు, 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య నిబంధనలు రావడంతో కొత్త బళ్ళ నుంచి కార్బొరేటర్ దాదాపుగా తప్పుకుంది. ఈ20ని తట్టుకునే భాగాలు కొత్త బళ్ళలో 2023 ఏప్రిల్ నుంచి వస్తున్నాయి. అంటే మన దగ్గర కార్బొరేటర్‌తో తిరుగుతున్న బండి దాదాపు ఏదీ ఈ20ని దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు.

ఎథనాల్ చేసేవి నాలుగు పనులు, వాటిని కలగాపులగం చేయడం వల్లే వాదన తెగడం లేదు. ఒకటి, అది మంచి ద్రావకం. ఏళ్ళ తరబడి ట్యాంకు గోడకు పట్టి కదలకుండా ఉన్న జిగురును, మురికిని వదిలిస్తుంది, అదంతా కిందకు దిగుతుంది. రెండు, నీటిని పీలుస్తుంది. 10 శాతం ఎథనాల్ ఉన్న పెట్రోలు మామూలు వేడిమిలో అర శాతం దాకా నీటిని తనలో ఇముడ్చుకోగలదు. ఆ హద్దు దాటితే నీరూ ఎథనాలూ కలిసి వేరుపడి అడుగుకు చేరతాయి. 20 శాతం ఎథనాల్ ఉన్న పెట్రోలుకు హద్దు ఇంకా ఎక్కువే గానీ, వేరుపడినప్పుడు దిగే పొర కూడా పెద్దది. గాలి తేమతోనే ఇంత నీరు చేరాలంటే చాలాకాలం పడుతుంది. త్వరగా చేరేది వానలోనో, సర్వీసింగ్‌లో ప్రెషర్ నీళ్ళు కొట్టినప్పుడో, గట్టిపడిన రబ్బరు వాషరున్న ట్యాంకు మూత గుండా. ఆ పొర గిన్నెలో చేరితే జింకు కలిసిన కార్బొరేటర్ లోహం తెల్లగా పొడి రాలుతుంది. మూడు, పాత రకం రబ్బరు ఉబ్బుతుంది, తర్వాత పెళుసుబారుతుంది. నాలుగోది ఎవరూ పెద్దగా మాట్లాడనిది. ఎథనాల్ లేని పెట్రోలు ఒక పాలు మండడానికి 14.7 పాళ్ళ గాలి కావాలి, ఈ20కి సుమారు 13.5 చాలు. జెట్టు మాత్రం పాత కొలతదే. అంటే జెట్టు ఎంత శుభ్రంగా ఉన్నా ఈ20తో మిశ్రమం కొంచెం పలచబడుతుంది. ఇదివరకు కాస్త జిగురు పట్టినా నెట్టుకొచ్చిన స్లో జెట్టు ఇప్పుడు నెట్టుకురాలేదు.

ప్రభుత్వ పక్షం మాటలు కూడా చూడాలి. 2021 జూన్‌లో నీతి ఆయోగ్ వెలువరించిన ఎథనాల్ రోడ్‌మ్యాప్, ఎథనాల్ లేని పెట్రోలు కోసం తయారై 10 శాతానికి సర్దిన ద్విచక్ర వాహనాలకు ఈ20తో మైలేజీ 3 నుంచి 4 శాతం తగ్గుతుందని అంచనా కట్టింది. కొన్ని పాత వాహనాల్లో 20,000 నుంచి 30,000 కిలోమీటర్ల వాడకం తర్వాత కొన్ని రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చాల్సి రావచ్చని 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖ చెప్పింది. ఈ అంచనాలు రోజూ తిరిగే బండికి సరిపోవచ్చు. వారానికోసారి కదిలే బండిలో, సగం ఖాళీ ట్యాంకుతో, వానాకాలం నిలబడితే జరిగేది వేరు. నా అంచనా ఇది: రోజూ తిరిగే బండికి ఎథనాల్ తొలి ముద్దాయి కాదు, అది ట్యాంకులో దాగిన పాత మురికిని బయటపెడుతోంది. నిలబడే బండికి మాత్రం నిజంగానే కీడు చేస్తోంది. ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు పోయిస్తే ఈ బాధ తప్పుతుందనుకోవడం పొరపాటు. ఆక్టేన్ వేరు, ఎథనాల్ శాతం వేరు.

కల్తీ మాట ఇంతకన్నా బలహీనమైంది. కిరోసిన్ కలిస్తే పొగ, మసి, ఇంజను కొట్టుకోవడం ఉంటాయి గానీ, 0.35 మిల్లీమీటర్ల రంధ్రాన్ని పూడ్చే గట్టి పదార్థం దానిలోంచి రాదు. పల్లెల్లో కిరాణా కొట్ల ముందు సీసాల్లో అమ్మే పెట్రోలు విషయం మాత్రం తీసిపారేయలేం. ఆ సీసా, గరాటు, డబ్బా అడుగున ఉన్న దుమ్ము నేరుగా ట్యాంకులోకి పోతాయి.

అసలు జెట్టు మూసుకోకుండానే మూసుకున్నట్టు నటించే జబ్బులు కొన్నున్నాయి. ట్యాంకు మూతలో గాలి వెళ్ళే చిన్న రంధ్రం పూడుకుపోతే బండి కొంతసేపు బాగా నడిచి, ట్యాంకులో ఒత్తిడి తగ్గి పెట్రోలు దిగక ఆగిపోతుంది. కాసేపాగితే మళ్ళీ స్టార్టవుతుంది. ఆగిన వెంటనే మూత తెరిచి మళ్ళీ కిక్కు కొడితే నిమిషంలో తేలిపోతుంది. కార్బొరేటర్‌కూ ఇంజనుకూ మధ్య ఉండే రబ్బరు మ్యానిఫోల్డ్ పగిలినా, ఓ-రింగు గట్టిపడినా దొంగగాలి లోపలికి పోయి, స్లో జెట్టు మూసుకున్నప్పుడు వచ్చే లక్షణాలే వస్తాయి. ఇంజను ఐడిలింగ్‌లో ఉండగా ఆ అతుకు దగ్గర సన్నగా నీళ్ళు చల్లితే చప్పుడు మారుతుంది. కొందరు పెట్రోలు చల్లి చూస్తారు. వేడి ఇంజను మీద అది మంటకు పిలుపు. ఓవర్‌ఫ్లో, గాలి పైపుల చివర్లలో కందిరీగలు మట్టిగూళ్ళు కట్టడం కూడా షెడ్లలో నిలిపిన బళ్ళలో కనిపిస్తుంది. ఇవేవీ చూడకుండా కార్బొరేటర్ విప్పితే, విప్పి బిగించినప్పుడు యాదృచ్ఛికంగా అతుకు సర్దుకుని కొన్నాళ్ళు బాగుంటుంది, జెట్టే కారణమనుకుంటాం.

శుభ్రం చేసే తీరులో రెండు విషయాలకే పట్టుబడతాను. క్లచ్ కేబుల్ తీగ జెట్టులో దూర్చకూడదు. ఇత్తడి మెత్తన, ఉక్కు తీగ దాన్ని గీరి రంధ్రం పెద్దది చేస్తుంది, అప్పటి నుంచి మైలేజీ పడిపోయి ప్లగ్గు నల్లబడుతుంది. కార్బొరేటర్ క్లీనరులో నానబెట్టి గాలి కొట్టడం, మొండి జిగురుకు అల్ట్రాసోనిక్ యంత్రంలో కడిగించడం సరైన దారి. రెండోది, జెట్టు ఒక్కటే దారి కాదు. స్లో జెట్టు నుంచి పెట్రోలు ఎయిర్ స్క్రూ పక్కనున్న సన్నని గొట్టాల గుండా, స్లైడు అంచు దగ్గరి చిన్న రంధ్రాల్లోంచి బయటికి రావాలి. ఎయిర్ స్క్రూ తీయకుండా చేసిన శుభ్రం సగం శుభ్రమే. తీసే ముందు నెమ్మదిగా పూర్తిగా బిగిస్తూ ఎన్ని చుట్లో లెక్కపెట్టుకోవాలి, దాని కింది చిన్న ఓ-రింగు పోగొట్టుకోకూడదు. మెకానిక్‌కు సమయం దొరకదన్నది నిజం. సాయంత్రానికల్లా బండి కావాలని మనమే తొందరపెడతాం. ట్యాంకు దించి కడగడానికి అయ్యే కూలికి ఒప్పుకుంటే మంచి మెకానిక్ తప్పకుండా చేస్తాడు.

పైపులో ఫిల్టరు వేయడం అందరూ చెప్పే సలహా. తుప్పుకు అది పనికొస్తుంది, జిగురుకు, నీటికి పనికిరాదు. పంపు లేకుండా బరువుతో దిగే పెట్రోలుకు తక్కువ అడ్డుండే ఫిల్టరే వేయాలి. ఇంజెక్షన్ బండికి ఉద్దేశించిన ఒత్తు కాగితం ఫిల్టరు వేస్తే పూర్తి రేసులో పెట్రోలు చాలదు, అది మరో మూసివేతలా కనిపిస్తుంది. పారదర్శకమైన ఫిల్టరు వేస్తే లోపల ఏ రంగు చేరుతోందో కనిపించడం అదనపు లాభం. పాత పైపు మార్చేటప్పుడు ఎథనాల్ తట్టుకునే రకం అడిగి తీసుకోండి.

నిలబెట్టే బండికి ట్యాంకు నింపి ఉంచాలా, ఖాళీ చేయాలా అన్నదానిపై చర్చ ఉంది. నింపితే తుప్పుకు చోటు తక్కువ, కానీ పెట్రోలు పాతబడుతుంది. రెండు, మూడు వారాలైతే నింపి ఉంచడమే మేలు. నెలలైతే ట్యాంకు ఖాళీ చేసి లోపల ఆయిల్ పూయడం మేలు. ఎన్నాళ్ళయినా సరే, ఫ్లోట్ చాంబరు మాత్రం ఖాళీగా ఉండాలి. ట్యాపు మూసి ఇంజను తానే ఆగేదాకా నడపడం సగం పని, మిగిలిన అడుగు పెట్రోలు డ్రెయిన్ స్క్రూతో వదిలేయాలి. ఇంటి ముందు నిలిపిన ప్రతిసారీ ట్యాపు మూసే పాత అలవాటు కూడా తిరిగి రావాలి. ఫ్లోట్ సూది సరిగ్గా మూసుకోని బండిలో అది ఇంజనులోకి పెట్రోలు దిగకుండా కాపాడుతుంది.

కొత్త కార్బొరేటర్ మాట చివరికి వదిలేశాను, అది చివరికే రావాలి కాబట్టి. విజయవాడ ఆటోనగర్‌లోనైనా మరెక్కడైనా చవకగా దొరికే నకలు కార్బొరేటర్లలో, రిపేరు కిట్లలో జెట్టు మీద అంకె ఒకటి, రంధ్రం మరొకటి ఉండవచ్చు. గీతలు పడని పాత అసలు జెట్టును కడిగి తిరిగి వేయడమే మంచిది. మార్చక తప్పనివి ఫ్లోట్ సూది, ఓ-రింగులు, గాస్కెట్లు. గొంతులో స్లైడు బాగా అరిగి వదులుగా ఆడుతుంటే, గిన్నె లోహం గుంతలు పడితే అప్పుడు కొత్తది, అదీ కంపెనీదే కొనండి. ట్యాంకు, పైపు, మూత సరిచేసి కార్బొరేటర్ బిగించాక రెండు వారాలకు డ్రెయిన్ స్క్రూ మళ్ళీ తెరిచి అదే సీసాలోకి పట్టి చూడండి. పెట్రోలు తేటగా ఉంటే ఆరు నెలలకోసారి చూస్తే చాలు. గోధుమరంగు పొడి కనిపిస్తే ట్యాంకు ఇంకా కడగాల్సి ఉంది, తెల్ల పొడి కనిపిస్తే నీరు ఇంకా వస్తోంది, మూత వాషరు మార్చండి.